ఒక్క రోజు వెనకబడిన పల్లె

జల్దేశ పల్లె, దిర్రె
రోజు: సోర్స

చెల్లెలు తలాసోకి,

శాంతిగా ఉన్నావా? పిల్లలు శాంతిగా ఉన్నారా? దుకాణం శాంతిగా ఉందా? దుకాణాన్ని అలా అడగరని మీ వదిన అంటోంది. పశువులున్నవాళ్ళని పశువుల గురించి అడుగుతాం, దుకాణం ఉన్నదాన్ని దుకాణం గురించే అడగాలి, నువ్వు రాయి అన్నాను. రాస్తోంది. పెద్దవాళ్ళ బడికెళ్ళి అక్షరాలు నేర్చుకున్నప్పట్నుంచీ నా మాటలకి ఒంకలు పెట్టడం ఎక్కువైంది.

నువ్వడిగిన సంగతి చెబుతున్నాను. దుకాణం రోడ్డుకి అటుపక్కకి మార్చడానికి రుడా మంచి రోజు. ఇవాళ సోర్స. ఇవాళ్టి నుంచి లెక్కపెట్టుకుంటే పదిహేడో రోజు. మర్నాడు మాత్రం వద్దు, మర్నాడు అరేరీ. అరేరీ నాడు మన ఇంట్లో కుండ కూడా కదపం, నాన్న ఉన్నప్పటి పద్ధతి.

ఇక్కడ వాన లేదు. పల్లెకి నా పేరుంది కాబట్టి, వాన ఎప్పుడని కూడా నన్నే అడుగుతున్నారు. మొన్న బావి దగ్గర పెద్దలు కూర్చుని, గుట్టెక్కి ఆకాశ దేవుడు వాకాకి పాలు పోసి వాన అడుగుదాం అన్నారు. ఏ రోజు అని అందరూ నావైపు తిరిగారు. అర్బ అన్నాను. ఎల్లుండి వచ్చే అర్బ కాదు, దాని తర్వాతది. ఉన్న నాలుగావుల పాలు పిల్లలకే చాలట్లేదు, ఇంటికింత అని మిగల్చాలంటే టైం పడుతుంది కదా. అందాకా పశువులు ఆగుతాయా అని గల్మా అడిగాడు. నీకు తెలుసుగా గల్మా, అందరికంటే పెద్దవాడు, అందరికంటే తొందర. వాకా దగ్గరికి ఎప్పుడు పడితే అప్పుడెళ్ళి తలుపు కొట్టకూడదు అన్నాను. "ఆయనకి ఇల్లే లేదు, తలుపెక్కడిది?" అన్నాడు. అందుకే రోజు చూసుకుని వెళ్ళాలి అన్నాను.

గట్టు అవతల దుబా మాత్రం నా లెక్క ఒక రోజు తప్పిందని చెప్పుకు తిరుగుతున్నాడట. నలభై ఏళ్ళుగా ఆయన కూడా రోజులు చెప్పేవాడే, నలభై ఏళ్ళుగా నా లెక్క తప్పుతూనే ఉంది ఆయనకి. పట్టించుకోకు.

మీ అన్న
జల్దేశ

ఇక్కణ్ణుంచి దర్మి రాస్తున్నాను. చదివి వినిపించమంటే పైన సంతకం దాకా వినిపించి ఆపేస్తాను. టీ ఆకు, చక్కెర పంపు. మీ అన్న నిన్న దూడని పీట అనుకుని కూర్చోబోయాడు. అడిగితే చీకట్లో కనపడలేదన్నాడు. మిట్టమధ్యాహ్నం. దూడకి ఏం కాలేదు.


మొయాలే, కొత్త దుకాణం నుంచి

అన్నయ్యకి, వదినకి,

శాంతి, శాంతి, అందరూ శాంతే, దుకాణం కూడా శాంతిగానే ఉంది గానీ దుకాణం ముందు శాంతి లేదు. అది చెప్పడానికే రాస్తున్నా. టైపు కొడుతూనే మధ్యలో ఫొటోకాపీలు తీస్తున్నా, ఎక్కడైనా మాట ఎగిరిపోతే అతికించుకుని చదువుకోండి.

నువ్వు చెప్పినట్టే ఇవాళ రుడా అని పొద్దున్నే సామాను మోయించాను. ఫొటోకాపీ మిషను నలుగురు పట్టుకుని రోడ్డు దాటిస్తుంటే వెన్న అమ్ముకునే బోకాయో ఎదురొచ్చింది. తెలుసుగా, దుబా తమ్ముడి కూతురు.

"ఏంటే తలాసో, అరేరీ నాడు సామాను కదుపుతున్నావ్? మీ ఇంట్లో కుండ కూడా కదపరు కదా?"

"అరేరీ రేపు. ఇవాళ రుడా."

"రుడా నిన్న అయిపోయింది. మా పెదనాన్న చెప్పాడు."

"మా అన్న ఇవాళ అని చెప్పాడు."

"మీ అన్న చెప్పేసరికి రోజు పాతబడిపోతుందిలే, నీ దుకాణంలో బిస్కెట్ల లాగ."

మిషను రోడ్డు మధ్యలో ఉంది అన్నయ్యా. మోసేవాళ్ళు మనవాళ్ళే. అరేరీ అన్న మాట వినగానే నలుగురూ ఆగిపోయారు. ఇద్దరు రుడా అన్నారు, ఇద్దరు అరేరీ అన్నారు. రుడా అన్నవాళ్ళు ముందుకి లాగుతున్నారు, అరేరీ అన్నవాళ్ళు వెనక్కి లాగుతున్నారు. వెనక ఒంటెల లారీ హారన్. పక్క దుకాణం దర్జీ బయటికొచ్చి, "ఇవాళ బుధవారం, అది మాత్రం ఖాయం, పక్కకి తప్పుకోండి" అన్నాడు. వాళ్ళకి హాయి అన్నయ్యా. మసీదుకెళ్ళేవాళ్ళకైనా చర్చికెళ్ళేవాళ్ళకైనా ఏడు పేర్లు, ఆరు గుర్తుపెట్టుకుంటే ఏడోది అదే వస్తుంది. మన వాకాకి రోజులకి ఇరవై ఏడు పేర్లు కావాల్సొచ్చాయి.

చివరికి మిషను దాటింది. కానీ మధ్యాహ్నం నుంచీ నల్లగా గీత పడుతోంది. బోకాయో వచ్చి ఆ గీత చూసి, ఏం మాట్లాడకుండా వెళ్ళిపోయింది. అదే ఎక్కువ మండింది నాకు.

ఇప్పుడు అసలు మాట. నీ లెక్క తప్పదని నేను పదిమందిలో గొంతు చించుకున్నాను. కానీ ఇంట్లోవాళ్ళం కాబట్టి అడుగుతున్నా. కొత్త ఏడు మొదలయ్యే నెలవంక మూడు చుక్కల పక్కకి వచ్చిన సాయంత్రం నువ్వు నీ కళ్ళతో చూశావా? మబ్బేమన్నా పట్టిందా?

టీ ఆకు, చక్కెర సోరా లారీలో పంపుతున్నా. వదినా, దూడ ఎలా ఉంది?

మీ
తలాసో


జల్దేశ పల్లె

తలాసోకి,

పైన రోజు పేరు రాయొద్దని మీ వదినకి చెప్పాను. నమ్మకం లేనివాళ్ళకి రోజు పేరెందుకు?

నేను నడవడం మొదలుపెట్టక ముందు నుంచీ నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని చుక్కలు చూపించాడు. నువ్వప్పటికి పుట్టలేదు. నువ్వు పుట్టిన రోజు పేరు కూడా నీకు నేనే చెప్పాలి. మిషను నల్లగీత వేస్తే మిషను బాగుచేసేవాణ్ణి పిలువు, నన్ను కాదు.

ఆ సాయంత్రం మబ్బు పట్టింది. అయినా చూశాను. రోజు చెప్పేవాడు మబ్బు వెనక కూడా చూస్తాడు.

అర్బ నాడు పాలు పోయడం ఖాయం. రోజు నేనే చెబుతాను. దుబాకి ఆ గుట్ట మీద నిలబడి రోజు చెప్పాలని ఎప్పట్నుంచో కోరిక. నేను బతికుండగా తీరదు. ఇది రాయి అన్నాను మీ వదినకి, ఊఁ అంది గానీ కలం చప్పుడు వినపడలేదు. రాసిందో లేదో నువ్వే చెప్పు.

జల్దేశ

(వేరే కాగితం మీద, వెన్న డబ్బా మూత కింద మడిచిపెట్టి)

తలాసో,

రాశాను, పాపం. అంతా రాశాను.

మబ్బు పట్టలేదు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. మీ అన్నకి రెండేళ్ళుగా చుక్కలు కనపడవు. కంట్లో పాలమీగడలా పొర పట్టింది. మొదట ఒకటి, తర్వాత రెండోది. నాకు తప్ప ఎవరికీ తెలియదు. సాయంత్రం ఇద్దరం పెరట్లో నిలబడతాం. ఆయన తల పైకెత్తి నిలబడతాడు, నేను పక్కన నిలబడి నెమ్మదిగా చెబుతాను. చంద్రుడు ఇంత వంగి ఉన్నాడు, ఫలానా చుక్కకి బెత్తెడు దూరంలో ఉన్నాడు అని. ఆయన లెక్క కట్టి రోజు చెబుతాడు. ఆ లెక్కలో తప్పుండదు, నిజం చెబుతున్నా. కళ్ళు నావి, లెక్క ఆయనది.

ఇప్పుడు చెప్పబోయేది చదివి గట్టిగా నవ్వకు, లారీ డ్రైవరు సోరాకి చెవులున్నాయి.

కొత్త ఏటి నెలవంక వచ్చిన రోజు పొద్దున మీ అన్న నా మచ్చల మేకని అమ్మేశాడు. నాకు చెప్పకుండా. మా అమ్మ ఇచ్చిన మేక సంతతి అది. సాయంత్రం పెరట్లో నిలబడి, "వచ్చాడా?" అన్నాడు. నెలవంక మూడు చుక్కల పక్కనే ఉంది, వేలుపెట్టి చూపించేంత దగ్గర. నాకు ఒళ్ళు మండిపోతోంది. "రాలేదు" అన్నాను. ఆయన ఇంకాసేపు పైకి చూసి, "ఐతే ఇవాళ్టి పేరే రేపటికీ ఉంచాలి" అని లోపలికెళ్ళి పడుకున్నాడు.

మర్నాడు వచ్చాడని చెప్పాను. చెప్పకపోతే ఎలా?

అదీ సంగతి. ఆ రోజు నుంచి పల్లె మొత్తం ఒక రోజు వెనక నడుస్తోంది. దుబా చెప్పింది నిజం. ఒక మేక కోసం అలిగి కొత్త ఏటిని ఒక రోజు ఆపాను నేను. ఇప్పుడు ఈ పల్లె తన పిల్లల నోటి దగ్గరి పాలు తీసుకెళ్ళి తప్పు రోజున వాకా ముందు పోయబోతోంది. చెబితే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే పాలు పోతాయి. నాకు నిద్ర పట్టట్లేదు. ఏదో ఒకటి చెప్పు.

దర్మి


మొయాలే

వదినకి మాత్రమే,

రహస్యంగా చదువుకోమని రాయబోయి ఆగాను. ఆయన ఎదురుగానే కూర్చుని చదువుకో, ఏమవుతుంది?

ముందు నవ్వాను, నిజం చెప్పాలి కదా. ఎంత నవ్వానంటే దర్జీ వచ్చి మంచినీళ్ళిచ్చాడు. తర్వాత ఏడుపొచ్చింది. రెండేళ్ళుగా నా అన్న చూపు లేకుండా పైకి చూస్తూ నిలబడుతున్నాడా? నువ్వు రోజూ పక్కన నిలబడి చెబుతున్నావా? నేను మీకు టీ ఆకు మాత్రం పంపుతూ కూర్చున్నాను.

కంటి పొర తీసేస్తారు వదినా, అదేం పెద్ద విషయం కాదు. ఇక్కడి ఆసుపత్రికి నెలకోసారి కంటి డాక్టర్లు వస్తారు. మా వీధి ముసలమ్మ పొద్దున లోపలికెళ్ళి సాయంత్రం వచ్చి, తన కోడలి ముఖం మీద పుట్టుమచ్చ ఎప్పట్నుంచి ఉందని అడిగింది. అన్నయ్యకి పేరు రాయించేశాను. వాకా ఇచ్చిన చీకటి మనం తీయకూడదు అంటాడు, నాకు తెలుసు. కాల్లో ముల్లు గుచ్చుకుంటే వాకా గుచ్చాడని ఉంచుకుంటావా అని అడుగు.

ఇంకొకటి. ఇది నీ దగ్గరే ఉంచుకో. మొన్న దుబా స్వయంగా నా దుకాణానికి వచ్చాడు. చదువుకునే కళ్ళద్దాలు అమ్ముతాను కదా, డబ్బా మొత్తం ముందేసుకున్నాడు.

"ఎవరికి?" అన్నాను.

"మా మేనల్లుడికి."

మేనల్లుడి కోసం పదకొండు జతలు తనే పెట్టుకుని, ప్రతిసారీ గుమ్మంలోకెళ్ళి ఆకాశం వైపు చూశాడు. మధ్యాహ్నం పన్నెండింటికి ఆకాశంలో ఏముంటుంది వదినా? చివరి జత పెట్టుకుని నావైపు తిరిగి, "నీ పక్కన నిలబడ్డాయన ఎవరు?" అన్నాడు. నా పక్కన ఫొటోకాపీ మిషను ఉంది.

మరి ఆయన లెక్క సరిగ్గా ఎలా ఉందో నాకు అర్థం కాలేదు. నీకర్థమవుతుందేమో చూడు.

నా సలహా అడిగావు. చెప్పేయి. అందరికీ కాదు, ముందు అన్నయ్యకి. నువ్వు చెప్పకుండా ఆయన గుట్టెక్కి తప్పు రోజు చెబితే, తర్వాత తెలిసినా తెలియకపోయినా నువ్వు ఆయన పక్కన పెరట్లో నిలబడలేవు. నాకు తెలుసు నీ సంగతి. మేకని అమ్మినందుకు ఆయన్ని తర్వాత తీరిగ్గా తిడదాం, నేనూ వస్తాను.

నీ
తలాసో


జల్దేశ పల్లె, దిర్రె

తలాసో,

శాంతి. అందరం శాంతే. కూర్చుని చదువు.

నీ ఉత్తరం చేరేసరికే గుట్టెక్కే రోజు దగ్గరపడింది. రోజూ చెబుదామనుకోవడం, రోజూ పొయ్యి రాజేయడం, ఊరుకోవడం. ఆఖరికి గుట్టెక్కే రోజు వచ్చేసింది. ఆయన లెక్కలో అర్బ. నిజానికి అర్బ ముందు రోజే వెళ్ళిపోయింది.

పొద్దున్నే కాఫీ గింజల కొసలు కొరికి వెన్నలో వేశాను. గింజలు చిటపటమంటున్నాయి. నీకు తెలుసుగా, ఆ చప్పుడవుతున్నప్పుడు వాకాని తలుచుకుని ఏమడిగినా అడుగుతాం గానీ ఆ పొయ్యి ముందు అబద్ధం చెప్పం. మా అమ్మ ఆ పొయ్యి ముందు కోడలి వంటని కూడా మెచ్చుకునేది కాదు. ఆయన ఎప్పట్లానే, "వాకా, మమ్మల్ని చల్లగా చూడు" అన్నాడు. నేను "చూడు" అనాలి. అనలేకపోయాను.

"ఏమైంది?" అన్నాడు.

"ఆ సాయంత్రం నెలవంక వచ్చింది" అన్నాను. "మేకని అమ్మావన్న కోపంతో రాలేదన్నాను."

ఆయన గింజలు నోట్లో వేసుకున్నాడు. ఒక్కొక్కటే నమిలాడు. ఏడు లెక్కపెట్టాను నేను. తర్వాత అన్నాడు కదా, "అది మంచి మేక. అమ్మకుండా ఉండాల్సింది."

అంతే. కర్ర తీసుకుని లేచాడు. ఎక్కడికన్నాను. గుట్టకి అన్నాడు. వద్దు, ఒంట్లో బాలేదని చెబుతాను అన్నాను. "నువ్వు ఇప్పటికే ఒక అబద్ధం ఆడి ఏటిని ఆపావు. ఇంకోటి ఆడితే సూర్యుణ్ణి ఆపుతావు, నడు" అన్నాడు. నవ్వుతున్నాడో తిడుతున్నాడో తెలియలేదు. పెళ్ళినాడు మా అమ్మ ఇచ్చిన కర్ర దులిపి నేనూ పట్టుకున్నాను. ఆ కర్ర పట్టుకుని ఆడది వస్తే మగవాళ్ళు ఆగి వినాలి కదా. నా పెళ్ళయ్యాక దాన్ని నేను బయటికి తీయడం ఇది రెండోసారి. మొదటిసారి ఎందుకు తీశానో మీ అన్నని అడుగు, చెప్పడు.

గుట్ట మీద ఊళ్ళన్నీ ఉన్నాయి. దుబా కూడా వచ్చాడు, అల్లుళ్ళని వెంటేసుకుని. అల్లిన పాలబుర్రలు వరసగా పెట్టారు. పిల్లలు వాటివైపే చూస్తున్నారు. గల్మా లేచి, "జల్దేశా, ఇవాళ ఏం రోజో చెప్పు, మొదలుపెడదాం" అన్నాడు.

మీ అన్న నిలబడి అన్నాడు: "ఇవాళ అర్బ కాదు. అర్బ నిన్న. తప్పు నాది. రెండేళ్ళుగా నాకు చుక్కలు కనపడట్లేదు. చెప్పకుండా దాచాను."

నా మాట ఎత్తలేదు తలాసో. మేక మాట కూడా ఎత్తలేదు. తప్పంతా తన మీద వేసుకుని నిలబడ్డాడు.

ముందుగా దుబా లేచాడు. "నేను చెబుతూనే ఉన్నాను. కళ్ళు లేనివాడి వెనక నడిచారు ఇన్నాళ్ళు. ఇక నుంచి రోజులు నేను చెబుతాను, పాలబుర్రలు నా గట్టుకి పట్టుకురండి" అన్నాడు. అల్లుళ్ళు తలలూపారు. మీ అన్న తల దించుకున్నాడు. నేనది చూడలేకపోయాను. కర్ర అడ్డంగా పట్టుకుని మధ్యలోకి నడిచాను. అందరూ ఆగారు.

"దుబా అన్నా," అన్నాను, "ఒక్క మాట. అదిగో, ఆ కింద మైదానంలో ఉన్నవి ఎవరి ఒంటెలు?"

దుబా చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూశాడు. "నాలుగున్నాయి. మీ పల్లెవి కావు, బాగా బలిసున్నాయి."

అవి చెదపుట్టలు తలాసో. మనం పుట్టక ముందు నుంచీ అక్కడే ఉన్నాయి.

ముందు ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత పిల్లలు. దుబా అల్లుళ్ళు కూడా నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. దుబా ఇంకా ఒంటెలనే చూస్తున్నాడు.

"నవ్వుతావా నువ్వు" అన్నాడు చివరికి నాతో. "నా లెక్క సరిపోయిందా లేదా?"

"సరిపోయింది. నూటికి నూరు. మీ ఇంట్లో ఆకాశం ఎవరు చూస్తున్నారన్నా?"

కళ్ళకి అడ్డం పెట్టుకున్న చెయ్యి దించాడు. తర్వాత, పాపం, ఆయన కూడా వాకా ముందు నిలబడ్డవాడే కదా, "మా కోడలు" అన్నాడు.

"ఆమెకి మేకలున్నాయా?" అని మీ అన్న అడిగాడు. దుబాకి అర్థం కాలేదు. ఇక దాచి లాభం లేదని మొత్తం చెప్పేశాను. మేక, అలక, నెలవంక, అన్నీ. గల్మా ముందు నోరు తెరిచాడు, తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వో ఏడుపో. "అంటే, గట్టుకి ఇటూ అటూ మగవాళ్ళు పైకి చూస్తున్నారు, ఆడవాళ్ళు కనపడింది చెబుతున్నారు. వాకాకి తప్ప ఎవరికీ తెలియదన్నమాట" అన్నాడు.

"ఆయనకి తెలిసే వాన ఆపాడేమో" అని ఎవరో అన్నారు. నెల నుంచీ నేనూ అదే అనుకుంటున్నాను.

పెద్దలు పక్కకెళ్ళి చాలాసేపు మాట్లాడుకున్నారు. నిజమైన అర్బ మళ్ళీ వచ్చేది ఇరవయ్యారు రోజులకి. పోయాల్సిన పాలు ఇంటికి తీసుకెళ్ళకూడదు, పారబోయకూడదు. అక్కడే పిల్లలకి పోశారు. ఒక్కడు మూడుసార్లు వరసలో నిలబడ్డాడు, ఎవరూ ఏమనలేదు. ఈ ఇరవయ్యారు రోజుల్లో ముందు మీ అన్న నాకు లెక్క నేర్పాలి, నేను చూసి చెప్పాలి. అది నేర్పగానే మీ అన్న మొయాలే వచ్చి కళ్ళు చూపించుకోవాలి. అర్బ లోపు ఆయన తిరిగి రాకపోతే రోజు నేను చెప్పాలట. గల్మా మాట ఇది, మిగతావాళ్ళు ఒప్పుకోవడానికి సాయంత్రం దాకా పట్టింది.

వాకా తీసిన చూపు డాక్టరు ఇవ్వకూడదని మీ అన్న దారంతా గొణిగాడు. నువ్వు చెప్పమన్న ముల్లు మాట చెప్పాను. ఎవరు చెప్పమన్నారన్నాడు. నీ పేరు చెప్పాను. "మొయాలే వెళ్ళి అందరూ డాక్టర్లైపోయారు" అన్నాడు. కానీ చెప్పులు తుడిచి గుమ్మం దగ్గర పెట్టుకున్నాడు.

నాకు భయంగా ఉంది తలాసో. ఇన్నాళ్ళూ నేను చూసి చెబితే ఆయన లెక్క కట్టేవాడు. ఇప్పుడు రెండూ నావే. తప్పితే ఈసారి కోపమని కూడా చెప్పుకోలేను.

దర్మి


మొయాలే, తలాసో దుకాణం

దర్మికి,

శాంతిగా ఉన్నావా? ఆవులు, దూడ శాంతిగా ఉన్నాయా? నేను చెబుతున్నాను, తలాసో కొడుతోంది. చెప్పింది చెప్పినట్టు కొట్టమన్నాను.

కొడుతున్నాను వదినా. ముందు ఆరోగ్యం సంగతి కొట్టమంటే ఆవుల సంగతి కొట్టమంటున్నాడు.

ఒక కన్ను అయింది. నొప్పి లేదు. కట్టు విప్పారు. ముందు డాక్టరు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు. నేను ఇరవై ఏడు పేర్లు చెబుతాను, నన్ను ఒక చేతి వేళ్ళు అడుగుతావా అన్నాను. ఆయనకి మన భాష రాదు, తలాసో ఏదో వేరేది చెప్పింది.

అన్నయ్య నాలుగన్నాడని చెప్పాను వదినా. డాక్టరు చూపించింది అయిదు, కానీ అన్నయ్య బొటనవేలుని వేలుగా లెక్కపెట్టడు.

తర్వాత తలాసోని చూశాను. ఇది ఇంత లావైందని ఎవరూ నాకు చెప్పలేదు.

ఇది నేను కొట్టకూడదు, కానీ కొడుతున్నా. వదినా, సాయంత్రం మేడ మీదకి తీసుకెళ్ళాను. తీగలు, జెండాలు, నీళ్ళ ట్యాంకుల మధ్య కొంచెం ఆకాశం కనపడుతుంది అక్కణ్ణుంచి. అన్నయ్య తల పైకెత్తాడు. ట్యాంకు పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు. మెడ నొప్పెడుతుంది కిందికి రా అంటే, "వాకా ఎంత నల్లగా ఉన్నాడు" అన్నాడు. ముఖమంతా తడిసిపోయింది. డాక్టరు కంటికి నీళ్ళు తగలకూడదన్నాడు, ఏం చేయను.

తలాసో ఏదో ఎక్కువ కొడుతోంది, చప్పుడు ఆగట్లేదు. దర్మీ, వినుకో. వచ్చే అర్బకి ఎన్ని రోజులున్నాయో చెప్పు. నీ లెక్క, నా లెక్క కలవాలి. పేరు చెప్పేటప్పుడు గట్టిగా చెప్పు, అడిగినట్టు చెప్పకు. గల్మా రెండోసారి అడిగితే రెండోసారి జవాబు చెప్పకు, ఒకసారి చెప్పాక రోజు మారదు. దుబా కోడల్ని పక్కన నిలబెట్టుకో, ఇద్దరు చూస్తే మంచిది. ఎవరైనా కోపంతో ఉంటే ఆ సాయంత్రం లెక్క పెట్టొద్దు.

రెండో కన్ను వచ్చే నెల అంటున్నారు. నాకక్కర్లేదు, ఒకటి చాలు. అర్బకి ముందే వచ్చేస్తాను, సోరా లారీలో చోటు చూడమన్నాను.

వదినా, నాకనిపిస్తోంది, తను లేకుండా పల్లె నడిచిపోతుందేమోనని ఈయనకి భయమేస్తోంది. నువ్వు లేకుండా పల్లె నడవదులే అన్నయ్యా అని చెప్పాను. చెప్పినప్పటి నుంచీ ఇంకా కంగారుగా ఉన్నాడు. సోరా లారీ పాడైందని అబద్ధం చెప్పి ఆపేస్తాను. మన ఇంటి ఆడవాళ్ళం ఆడే రెండో అబద్ధం ఇది, వాకా లెక్కపెట్టుకుంటున్నాడేమో.

జల్దేశ, తలాసో


జల్దేశ పల్లె, దిర్రె
రోజు: అర్బ

తలాసోకి, మీ అన్నకి,

శాంతి. గుట్ట దిగి వచ్చి రాస్తున్నాను, చేతికి ఇంకా పాల వాసన ఉంది.

మీ అన్న రాలేదు కాబట్టి నేనే వెళ్ళాను. దుబా కోడలు కూడా వచ్చింది, పేరు లోకో, చిన్నపిల్ల, కళ్ళు మాత్రం గద్దవి. తెల్లవారుజామున ఇద్దరం గట్టు మీద కలిసి లెక్క చూసుకున్నాం. ఒకటే వచ్చింది. మళ్ళీ చూశాం. మళ్ళీ ఒకటే. దుబా ఒక రాయి మీద కూర్చుని, ఎవరూ అడగకపోయినా, "కలిసిందా?" అని నాలుగుసార్లు అడిగాడు. ఈసారి ఆయన గొంతులో వెటకారం లేదు.

గుట్ట మీద గల్మా నావైపు తిరిగి, "దర్మీ, ఇవాళ ఏం రోజు?" అన్నాడు.

"అర్బ" అన్నాను.

గట్టిగానే చెప్పాను, అడిగినట్టు చెప్పలేదు. రెండోసారి ఎవరూ అడగలేదు. నేను ఎదురుచూశాను, జవాబు చెప్పకూడదని మీ అన్న చెప్పాడు కదా అని. అడగలేదు.

పాలు పోశారు. నేల ఎంత ఎండిపోయిందంటే తెలుపు కనపడలేదు, మట్టి ముదురురంగు తిరిగింది, అంతే. గల్మా, "వాకా, నువ్వు పైన పెద్దవాడివి, కింద చిన్నవాళ్ళం మేం, చల్లగా చూడు" అన్నాడు. అందరూ "చూడు" అన్నారు. ఈసారి నేనూ అన్నాను. నా తప్పు కూడా మనసులో చెప్పుకున్నాను. ఎక్కడో దూరాన ఎవరినీ పట్టించుకోనట్టు ఉన్న ఆకాశం, కాసేపు పైకి చూసేసరికి, నాకు మాత్రం దగ్గరకి వచ్చినట్టనిపించింది. ఎవరికీ చెప్పలేదు, మీకే.

వాన ఇంకా రాలేదు. దక్షిణాన ఏదో నల్లగా ఉంది. లోకో అది వాన అంటోంది, నేను ధూళి కావచ్చన్నాను. ఇవాళ్టికి ఒక ప్రశ్నకి జవాబు చెప్పాను, చాలు.

తిరిగి వస్తుంటే దారిలో నలుగురైదుగురు ఆపారు. ఒకామె కూతురికి పెళ్ళి, ఏ రోజు మంచిదని. ఒకాయన ఎద్దు అమ్మాలి, ఏ రోజని. ఎద్దులు, మేకలు అమ్మేవాళ్ళు ముందు పెళ్ళాన్ని అడగాలి, తర్వాత నన్నడగాలి అన్నాను. గుమ్మం దగ్గర ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్ళకి టీ పెట్టి, ఇది రాస్తున్నాను.

మీ అన్నకి చెప్పు. లారీ బాగైనా తొందరపడొద్దు. రెండో కన్ను కూడా నిమ్మళంగా చేయించుకునే రమ్మను. ఇక్కడ రోజులు బాగానే నడుస్తున్నాయి.

దర్మి